ఎత్తే నడుము, కదలని దేహం

(డోరీన్ నార్టన్ స్మృతిలో నర్సింగ్ విద్యార్థులు, అధ్యాపకుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

2011 మార్చి 7న సుప్రీంకోర్టు వెలువరించిన ఒక తీర్పు, కారుణ్య మరణం గురించి మాట వచ్చినప్పుడల్లా ప్రస్తావనకు వస్తుంది. అది అరుణా శాన్‌బాగ్ కేసు. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా ఉన్న ఆమె 1973 నవంబరు 27న పనిచేసే చోటే దాడికి గురయ్యారు. మెదడుకు ప్రాణవాయువు అందక మళ్లీ కోలుకోలేదు. 2015 మే 18న న్యుమోనియాతో చనిపోయేదాకా, దాదాపు 42 ఏళ్లు, అదే ఆసుపత్రిలో మంచం మీదే ఉన్నారు. న్యాయవాదులు ఆ తీర్పులో బతికే హక్కు గురించీ, చనిపోయే హక్కు గురించీ వెతుక్కుంటారు. నర్సింగ్ చదివినవాళ్ల కళ్లు మాత్రం వైద్యుల బృందం ఇచ్చిన నివేదిక దగ్గర ఆగుతాయి. మణికట్లు, వేళ్లు, మోకాళ్లు, చీలమండలు ముడుచుకుని బిగిసిపోయాయి. ఒంటి మీద పడకపుండు లేదు. అన్నేళ్లలో ఒక్కటి కూడా పడనివ్వలేదని ఆసుపత్రి వాళ్లు చెప్పారు. ఆ సేవకు కోర్టు నర్సులను మనసారా మెచ్చుకుంది.

కదలని శరీరానికి ఏమవుతుందో ఆ ఒక్క రోగి చరిత్రలో మొత్తం ఉంది. చర్మాన్ని కాపాడగలిగారు. కీళ్లను కాపాడటం కుదరలేదు, ఎందుకంటే మెదడు అంతగా దెబ్బతిన్నప్పుడు కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి. చివరికి ప్రాణం తీసింది ఊపిరితిత్తుల జబ్బు, మంచాన పడ్డవాళ్లను తరచూ తీసుకుపోయేది అదే.

ఇంకో లెక్క కూడా వేయవచ్చు. రెండు గంటలకోసారి పక్క మార్చాలన్న పాఠం ప్రకారమైతే రోజుకు 12 సార్లు. ఆ లెక్కన 42 ఏళ్లకు లక్షా ఎనభై వేల సార్లకు పైమాటే. ప్రతిసారీ ఎవరో ఒకరు, తరచూ ఇద్దరు, మంచం మీదికి వంగి ఉండాలి. ఆ వంగిన నడుములు ఎవరివి, వాటిలో ఎన్ని పట్టేశాయి, ఎందరు నలభై ఐదో ఏట తేలికపాటి డ్యూటీ ఇప్పించమని సూపరింటెండెంటు గది ముందు నిలబడ్డారు అన్నది ఏ కోర్టూ అడగలేదు. అడగవలసిన అవసరం కోర్టుకు లేదు కూడా. ఆసుపత్రులకు ఉంది. రోగి పిరుదు మీద పుండు, నర్సు నడుంలో నొప్పి వేర్వేరు శాఖల వ్యవహారమని అవి అనుకుంటాయి. మొదటిది కేస్‌షీట్‌లోకి ఎక్కుతుంది. రెండోది సెలవు చీటీలో ‘ఒంట్లో బాగాలేదు’గా మిగులుతుంది. నిజానికి రెండూ ఒకే పనిలోంచి పుడతాయి, ఒకే ఏర్పాటుతో తగ్గుతాయి. ఈ మాట చెప్పడానికి డోరీన్ నార్టన్ స్మృతి కంటే తగిన సందర్భం లేదు.

నార్టన్ (1922–2007) ఇంగ్లండు నర్సు. ఆమె పరిశోధన మొదలుపెట్టిన 1950ల చివర వృద్ధుల వార్డంటే వైద్యలోకానికి చిన్నచూపు. అక్కడ కొత్తగా కనుక్కునేదేముంటుంది అన్న ధోరణి. పడకపుండ్లు రాకుండా నర్సులు ఒక్కో వార్డులో ఒక్కో తంతు పాటించేవారు. స్పిరిట్ రుద్దేవాళ్లు కొందరు, సబ్బు నురగ రుద్దేవాళ్లు కొందరు, నూనెలూ లేపనాలూ పౌడర్లూ వాడేవాళ్లు ఇంకొందరు. ఎవరి పద్ధతి మీద వాళ్లకు గురి. వృద్ధుల వైద్యుడు ఎక్స్‌టన్-స్మిత్, మరో నర్సు రోడా మెక్‌లారెన్‌లతో కలిసి నార్టన్ ఈ పద్ధతులన్నిటినీ వార్డులోనే పరీక్షకు పెట్టారు. 1962లో ఆ పరిశోధన పుస్తకంగా వచ్చింది. రుద్దే పదార్థాల్లో మహిమేమీ లేదని, ఒత్తిడి తగ్గించడమే, అంటే తరచూ పక్క మార్చడమే పనిచేస్తుందని తేల్చింది. మన నర్సింగ్ పాఠశాలల్లో ‘బ్యాక్ కేర్’ పేరిట స్పిరిటూ పౌడరూ రుద్దించడం ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. పాత అలవాటు పుస్తకం చదివి పోదు.

ఆ పుస్తకంతో వచ్చిందే నార్టన్ స్కేలు. శరీర స్థితి, మానసిక స్థితి, లేచి తిరగడం, మంచంలో కదలడం, మలమూత్రాల మీద అదుపు అనే అయిదు అంశాలకు ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. మొత్తం 5కూ 20కీ మధ్య ఉంటుంది. 14 లేదా అంతకు తక్కువ వస్తే ఆ రోగికి పుండు పడే ప్రమాదం ఉన్నట్టు. అప్పటిదాకా అనుభవజ్ఞురాలైన సిస్టరమ్మ కళ్లకు మాత్రమే తెలిసిన సంగతిని మొన్న చేరిన నర్సు కూడా కాగితం మీద పెట్టగలిగింది. 1987లో బార్బరా బ్రేడన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ తయారుచేసిన స్కేలు దీనికి ఆహారం, చర్మం ఒరుసుకోవడం వంటి అంశాలు చేర్చింది. ఇవాళ చాలా ఆసుపత్రుల్లో కనిపించేది అదే.

ఎక్స్‌టన్-స్మిత్ అదే రోజుల్లో చేసిన ఇంకో పని అంతగా ప్రచారంలోకి రాలేదు గానీ, అందులో తెలివి ఎక్కువ. 1961లో ఆయన, ఆయన సహచరుడు 50 మంది వృద్ధుల మంచాలకు పరికరం అమర్చి, రాత్రి నిద్రలో ఎవరు ఎన్నిసార్లు కదులుతున్నారో లెక్కపెట్టారు. రాత్రికి 20 సార్లు, లేదా అంతకంటే తక్కువగా కదిలినవాళ్లు 10 మంది. వాళ్లలో 9 మందికి పుళ్లు పడ్డాయి. 50 సార్లకు మించి కదిలినవాళ్లలో ఒక్కరికీ పడలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రలో తన పక్క తానే మార్చుకుంటాడు, ఆ సంగతి అతనికి తెలియదు. పక్షవాతం వచ్చినవాడికి, మత్తుమందు ఎక్కువైనవాడికి, తుంటి విరిగిన ముసలావిడకు ఆ కదలిక పోతుంది. నర్సు చేసేది ఆ కదలికను అరువివ్వడం. అరువిచ్చేది మాత్రం ఆమె వెన్నెముక.

పుండు పడటం నర్సుల లోపమా, రోగం లక్షణమా అన్న వాదం పందొమ్మిదో శతాబ్దంలోనే మొదలైంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ దాన్ని నర్సింగ్ లోపంగా చూసింది. ప్యారిస్‌లో షార్కో అనే నాడీవైద్య దిగ్గజం నరాలు దెబ్బతిన్నందువల్లే పుండు పడుతుందనీ, తప్పించలేమనీ అన్నాడు. అంతకుముందే బ్రౌన్-సెకార్ అనే శాస్త్రవేత్త జంతువుల మీద ప్రయోగాలు చేసి, వెన్నుపాము తెగినా ఒత్తిడి తీసేసి శుభ్రంగా ఉంచితే పుళ్లు రావని చూపించినా, పెద్ద పేరున్న షార్కో మాటే చెల్లింది. దాంతో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లను చావుకు వదిలేయడం మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఇంచుమించు ఆనవాయితీ అయింది. నాజీ జర్మనీ నుంచి ఇంగ్లండుకు శరణార్థిగా వచ్చిన లుడ్విగ్ గుట్‌మన్ 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండవిల్‌లో వెన్ను గాయాల విభాగం తెరిచి, రాత్రీ పగలూ రెండు గంటలకోసారి పక్క మార్చి తీరాలన్నాడు. వెన్ను దెబ్బతిన్న సైనికులు బతకసాగారు. 1948లో వాళ్లకు అక్కడే ఆటల పోటీలు పెట్టాడు. పారాలింపిక్స్‌కు మూలం అవే.

మన దగ్గర ఈ కథకు వేలూరులో ఒక అధ్యాయముంది. చిత్తూరు జిల్లావాళ్లకు అక్కడి పెద్దాసుపత్రి కొత్తది కాదు. అక్కడ యువ డాక్టరుగా ఉన్న మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. ఆ కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. విదేశాల్లో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి 1966లో వేలూరులో పునరావాస కేంద్రం నెలకొల్పారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమెలాంటి మనిషి పనిలో నిలబడాలంటే పుండు పడకుండా ఉండటం మొదటి షరతు. డబ్బుంటే, పేరుంటే ఆ షరతు దానంతటదే తీరుతుందనుకుంటే పొరపాటు. సూపర్‌మ్యాన్ పాత్రధారి క్రిస్టఫర్ రీవ్‌కు ప్రపంచంలో దొరికే సౌకర్యాలన్నీ ఉన్నాయి. 2004 అక్టోబరులో ఆయన చనిపోయింది పడకపుండు ఇన్ఫెక్షన్‌కు చికిత్స పొందుతూనే.

పుండు పైకి కనిపిస్తుంది కాబట్టి దాని గురించి ఇన్ని మాటలు. మంచం చేసే మిగతా చేటు లోపల జరుగుతుంది.

లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1947 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మంచాన పడుకోబెట్టడంలోని ప్రమాదాల గురించి వ్యంగ్యం కలిపి రాసిన వ్యాసం ఇప్పటికీ చదివిస్తారు. ఊపిరితిత్తులు, రక్తనాళాలు, చర్మం, కండరాలు, ఎముకలు, మూత్రపిండాలు, పేగులు, చివరికి మనసు, ఇలా ఒక్కో అవయవాన్నీ పట్టుకుని పడక దాన్నేం చేస్తుందో చెప్పాడాయన. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఎముకల్లోంచి సున్నం కరిగి మూత్రంలోకి చేరి రాళ్లవుతుంది. పాదం కిందికి వాలి అలాగే ఉండిపోతుంది. మలబద్ధకం సంగతి ఇంట్లో రోగిని చూసుకున్న ఎవరినడిగినా చెబుతారు. అప్పట్లో కాన్పయిన స్త్రీనీ, హెర్నియా ఆపరేషనైన మనిషినీ వారాల తరబడి లేవనిచ్చేవారు కాదు. విశ్రాంతిని మందులా రాసేవారు. దానికి మోతాదు ఎంతో, ఎక్కువైతే ఏం జరుగుతుందో అడిగినవాళ్లు తక్కువ.

ఆ మోతాదును 1966లో అమెరికాలోని డాలస్‌లో కొలిచారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. వాళ్ల శరీరం ప్రాణవాయువును వాడుకునే గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పయ్యేళ్ల తర్వాత అదే అయిదుగురిని వెతికి పట్టుకుని మళ్లీ కొలిచారు. ముప్పయ్యేళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది. వాళ్లు కుర్రాళ్లు కాబట్టి తేరుకున్నారు. 2007లో వచ్చిన మరో అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు 12 మంది పది రోజులు మంచం మీద ఉంటే, సగటున ఒక్కొక్కరి కాళ్ల కండలో దాదాపు కిలో తగ్గింది. జబ్బేమీ లేనివాళ్లకే ఇలాగైతే, జ్వరంతోనో తుంటి విరిగో చేరిన డెబ్బయ్యేళ్ల మనిషి సంగతి చెప్పేదేముంది? న్యుమోనియా తగ్గి డిశ్చార్జయ్యారు, బాత్రూముకు మాత్రం సొంతంగా నడవలేరు. ‘ఆసుపత్రికి నడిచి వెళ్లాడు, మోసుకొచ్చాం’ అనే మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. దాన్ని వయసు మీదికి నెట్టేస్తారు. అందులో మంచం వాటా ఎంతో ఎవరూ తూచరు.

ఐసీయూలో సైతం లేపవచ్చని 2009లో లాన్సెట్‌లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. వెంటిలేటర్ మీద ఉన్న 104 మందికీ మత్తు రోజూ కాసేపు ఆపుతూ, వాళ్లలో ఇంచుమించు సగం మందికి తొలి రోజుల నుంచే ఫిజియోథెరపీ మొదలుపెట్టారు. డిశ్చార్జి నాటికి తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు ఆ గుంపులో 59 శాతం, మామూలు పద్ధతిలో చూసిన గుంపులో 35 శాతం. లేపడం మేలని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. లేపేదెవరు అన్నదగ్గరే మాట ఆగిపోతుంది.

లేపేది నర్సు. ఆమె నడుములో ఏం జరుగుతుందో చూద్దాం. పదిహేను కిలోల బరువును ఒంటికి అర మీటరు దూరంలో చేతుల మీద పట్టుకున్నామనుకుందాం. దాన్ని నిలబెట్టే వీపు కండరాలు వెన్ను డిస్కుకు వెనక సుమారు అయిదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. పొడుగు కొసన నిండు బాన వేలాడుతున్న ఏతాన్ని పొట్టి కొస నుంచి నిలిపినట్టే ఇది. దూరం పదింతలు కాబట్టి కండరం పదింతల బలంతో, అంటే నూట యాభై కిలోల బరువుకు సమానంగా, లాగాలి. ఆ లాగుడంతా డిస్కును నొక్కుతుంది. దీనికి వంగిన నర్సు సొంత పైభాగం బరువు అదనం. డిస్కును మరీ దెబ్బతీసేది మెలి. మంచం గోడకు ఆనించి ఉంటే వంగి తిరగక తప్పదు.

అమెరికా వృత్తిభద్రతా సంస్థ నియోష్ శాస్త్రవేత్త థామస్ వాటర్స్ 2007లో లెక్కకట్టి, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక రోగి బరువులో ఒక నర్సు ఎత్తదగినది 35 పౌండ్లే, అంటే సుమారు 16 కిలోలే అన్నాడు. బాగా బరువున్న మనిషి కాలు ఒక్కటే ఇంచుమించు అంత ఉంటుంది. ఒక్కరు ఎత్తలేకపోతే ఇద్దరు ఎత్తండి అనడం తేలిక. ఒహాయోలో విలియం మారస్ బృందం 1999లో ఆ ఇద్దరి నడుముల మీదా భారం కొలిచి, ఇద్దరు కలిసి ఎత్తినా ప్రమాదం పోదని చూపించింది. మోకాళ్లు వంచండి, నడుము నిటారుగా ఉంచండి అంటూ దశాబ్దాలుగా చెబుతున్న పాఠం వల్ల గాయాలు పెద్దగా తగ్గలేదు. పాఠం తప్పని కాదు. గోదాములో పెట్టెను ఎత్తే మనిషి కోసం రాసిన పాఠమది. పెట్టెకు పిడి ఉంటుంది, అది ఉన్నట్టుండి మెడ పట్టుకోదు, భయపడి బిగుసుకోదు, క్యాథెటరూ సెలైనూ వేలాడవు, అర్ధరాత్రి వాంతి చేసుకోదు.

మన చట్టం కూడా ఇంచుమించు పెట్టె దగ్గరే ఆగింది. ఒంటికి హాని చేసేంత బరువు ఎవరి చేతా ఎత్తించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను 2025 దాకా అనేది. అది ఫ్యాక్టరీలకు. ఆసుపత్రి వార్డు ఫ్యాక్టరీ కాదు. సిమెంటు బస్తా మోసేవాడికి ఉన్న ఆ మాత్రం రక్షణ, అంతే బరువున్న పక్షవాతం రోగిని మంచం నుంచి స్ట్రెచరు మీదికి మార్చే స్టాఫ్ నర్సుకు లేకపోయింది.

నార్టన్ చెప్పిన దానికీ నర్సు నడుముకూ ముడి ఎక్కడ పడుతుందో చూపించడానికి ఒక్క కదలిక చాలు. తల వైపు ఎత్తిపెట్టిన మంచం మీద రోగి కూర్చుని ఉంటాడు. గంటకు మెల్లగా కాళ్ల వైపు జారిపోతాడు. ఇద్దరు చెరోవైపు నిలబడి, చంకల కింద చేతులు పెట్టి ‘ఒకటి, రెండు, మూడు’ అని పైకి లాగుతారు. ప్రతి వార్డులోనూ రోజుకు పదుల సార్లు జరిగే పనే ఇది. ఆ ఒక్క లాగుడులో ఏమేం జరుగుతుందో వరసగా చూడండి. త్రికాస్థి మీది చర్మం దుప్పటికి అంటుకుని ఉంటుంది, ఎముక పైకి కదులుతుంది. మధ్యలో రక్తనాళాలు సాగి మెలిపడి తెగుతాయి. పైకి ఏమీ కనిపించదు, లోపల పుండు మొదలైంది. పక్షవాతం వచ్చిన వైపు భుజంలో కండరానికి బలం లేదు కాబట్టి చంక కింద ఎత్తినప్పుడు కీలు జారుతుంది. రోగి నెలల తరబడి భుజం నొప్పి అంటాడు, ఎందుకో ఎవరికీ తట్టదు. లాగిన ఇద్దరూ నడుము వంచి, పక్కకు మెలితిప్పి, చేతులు దూరంగా చాపి బలమంతా పెట్టారు. ఒక్క కదలికకు ముగ్గురు దెబ్బతిన్నారు. బ్రిటన్‌లో ఈ చంకల లాగుడు కూడదని 1980ల నుంచే చెబుతున్నారు.

అదే పనికి మరో పద్ధతి ఉంది. ముందు మంచం తలభాగం దించి చదును చేయాలి. మంచం ఎత్తు పెంచగలిగేదైతే నర్సు నడుము దాకా ఎత్తాలి. రోగి కిందికి నున్నటి నైలాన్ స్లైడ్ షీట్ రెండు మడతలుగా చేర్చాలి. మోకాలు వంచి మడమతో నెట్టుకోమని, చేతనైనంత తానే కదలమని రోగికి చెప్పాలి. అప్పుడు షీటు పట్టుకుని జరిపితే చర్మం ఒరుసుకోదు, భుజం జారదు, నడుము మీద భారం బాగా తగ్గుతుంది. రోగి కూడా కాస్త కండరం వాడాడు. ఇందులో పెద్ద యంత్రమేదీ లేదు, ఉన్నది ఒక జారుడు గుడ్డ, ఒక ఎత్తు మారే మంచం.

మంచం చిన్న విషయమేమీ కాదు. 1960లలో లండన్‌లోని కింగ్స్ ఫండ్ సంస్థ, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో బ్రూస్ ఆర్చర్ బృందం చేత ఆసుపత్రి మంచాన్ని మొదటినుంచీ ఆలోచింపజేసింది. రోగి దిగడానికి తక్కువ ఎత్తు, నర్సు పనిచేయడానికి ఎక్కువ ఎత్తు, రెండూ ఒకే మంచంలో కావాలి. 1967లో వచ్చిన ఆ నమూనా బ్రిటన్ ఆసుపత్రులన్నిటికీ ప్రమాణమైంది. నార్టన్ కూడా తర్వాతి సంవత్సరాల్లో ఎడిన్‌బరోలో నర్సింగ్ పరికరాల రూపకల్పన మీద పనిచేశారు. పుండ్ల స్కేలు రాసిన మనిషి మంచాల మీదికి మళ్లడం యాదృచ్ఛికమని అనిపించదు. మన ప్రభుత్వాసుపత్రుల జనరల్ వార్డుల్లో మాత్రం ఎత్తు మారని ఇనుప మంచమే ఇప్పటికీ ఎక్కువ.

ఇతర దేశాల చట్టాల ప్రయాణం త్వరగానే చెప్పుకోవచ్చు. బ్రిటన్‌లో చేతులతో బరువులెత్తే పనుల మీద 1992లో నిబంధనలు వచ్చాయి, ఆసుపత్రులకూ వర్తించాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర నర్సుల సంఘం 1998లో ‘ఎత్తవద్దు’ విధానం తెచ్చింది. అమెరికాలో టెక్సస్ 2005లో మొదటి చట్టం చేసింది. కాలిఫోర్నియా చట్టం 2012 నుంచి అమల్లో ఉంది. జపాన్ ఆరోగ్య, కార్మిక శాఖ 2013లో నడుం నొప్పి నివారణ మార్గదర్శకాలు సవరించి, సంరక్షణ పనిలో మనిషిని చేతులతో ఎత్తించడం సూత్రప్రాయంగా కూడదంది. మనవాళ్లకు ఇది దూరపు వార్త కాదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా నర్సింగ్ చదివినవాళ్లు జపనీస్, జర్మన్ నేర్చుకుని ఆ దేశాలకు వెళ్తున్నారు. ఇక్కడ మూడేళ్లు ఎత్తడం నేర్చుకున్న చేతులు అక్కడ ఎత్తకుండా ఉండటం నేర్చుకుంటాయి.

ఇక్కడ ఎత్తేది నర్సులు మాత్రమే అనుకోవడం కూడా సరికాదు. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకొక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో అయిదుగురికొకరు ఉండాలి. రాత్రి డ్యూటీలో ఏ పెద్ద వార్డులోకైనా వెళ్లి మంచాలూ నర్సులూ లెక్కపెట్టినవాళ్లకు ఈ అంకెలు నవ్వు తెప్పిస్తాయి. ఆ ఖాళీని నింపుతున్నది రోగి తాలూకు మనుషులు. మంచం కింద చాప పరుచుకున్న భార్య, కూతురు, కోడలు. పక్క మార్చేదీ, బెడ్‌పాన్ పెట్టేదీ, బాత్రూముకు నడిపించేదీ వాళ్లే. వాళ్లకు ఎవరూ ఏదీ నేర్పరు. వార్డు బాయ్‌కీ ఆయాకీ కూడా నేర్పరు. నడుములు అరిగేది వాళ్లవి, వాళ్ల పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు.

పక్క మార్చడం ఎన్ని గంటలకోసారి అన్న దాని మీద కూడా కొత్త మాట వచ్చింది. అమెరికా, కెనడాల నర్సింగ్ హోముల్లో 942 మంది మీద బెర్గ్‌స్ట్రామ్ బృందం జరిపిన పరిశోధన 2013లో వెలువడింది. మంచి దట్టమైన ఫోమ్ పరుపు ఉన్నప్పుడు రెండు గంటలకు మార్చినా, మూడుకు మార్చినా, నాలుగుకు మార్చినా పుళ్లలో తేడా కనిపించలేదు. మధ్యస్థం నుంచి ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ల సంగతే ఇది, అందరికీ అన్వయించకూడదు. పాత దూది పరుపు మీద పడుకున్నవారికి అసలే వర్తించదు. అయినా ఒక పరుపు మార్చితే రాత్రి డ్యూటీ నర్సు వంగే సార్లు సగానికి తగ్గవచ్చన్న మాట ఏ ఆసుపత్రి కొనుగోళ్ల కమిటీ అయినా వినదగ్గది.

వార్డులో వాడే కొన్ని చిట్కాలకు ఇకనైనా సెలవివ్వాలి. మడమల కింద నీళ్లు నింపిన గ్లవ్స్, పిరుదుల కింద రింగు దిండు ఇప్పటికీ కనిపిస్తాయి. రింగు చుట్టూ ఒత్తిడి పెరిగి మధ్యలోకి రక్తం రాదు. గ్లవ్ మడమను ఎత్తినట్టే ఉంటుంది, ఒత్తిడి తీయదు. పిక్క పొడవునా దిండు పెట్టి మడమను గాలిలో తేలనివ్వడం మేలు. ఇంకొకటి, మన చర్మం రంగు. పాశ్చాత్య పాఠ్యపుస్తకం పుండుకు ముందు ఎర్రమచ్చ చూడమంటుంది. చామనచాయ ఒంటి మీద, నల్లటి ఒంటి మీద ఎరుపు అంత తేలిగ్గా కనిపించదు. ఊదారంగు నీడలా, చుట్టుపక్కల కంటే నల్లగా కనిపిస్తుంది. ముట్టుకుంటే వెచ్చగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో తేడా తెలుస్తుంది. కాబట్టి చూపుతో పాటు చేయి కూడా పెట్టి చూడాలి.

పక్షవాతం వచ్చిన మనిషి డిశ్చార్జయి ఊరికి వెళ్లాక అసలు నర్సింగ్ ఇంట్లో మొదలవుతుంది. నులక మంచమో నవారు మంచమో వేస్తారు. అది మోకాళ్ల ఎత్తున ఉంటుంది, మధ్యలో కుంగి ఉంటుంది. కుంగిన చోట రోగి నడుము కూరుకుపోతుంది, పక్క మార్చాలంటే కోడలు రెండింతలు వంగాలి. గృహసందర్శనకు వెళ్లిన విద్యార్థి బీపీ చూడటానికి ముందు మంచం చూడాలి. నులక స్థానంలో చెక్క మంచమూ మంచి ఫోమ్ పరుపూ సాధ్యపడతాయా అడగాలి. అది గోడకు ఆనించి ఉంటే మూడు వైపులా మనిషి తిరిగేలా జరిపించాలి. తానుగా లేచి దిగలేని రోగి అయితే మంచం కోళ్ల కింద కదలని చెక్క దిమ్మెలు పెట్టించి చూసుకునే మనిషి నడుము ఎత్తుకు తేవాలి. లేచి దిగగలిగే రోగి అయితే ఆ పని చేయకూడదు, పడిపోతాడు. పాత దుప్పటిని నాలుగు మడతలు పెట్టి భుజాల నుంచి తొడల దాకా వేసి, దాన్ని పట్టుకుని పక్కకు తిప్పడం ఆ ఇంటి ఇద్దరి చేతా ఎదురుగా చేయించాలి. రోగి మోకాలు తానే వంచగలడా, మంచం పట్టె పట్టుకుని తానే సగం తిరగగలడా అన్నది కూడా అప్పుడే తేలుతుంది. ఎవరూ అడగకపోవడం వల్ల చాలామంది తమకు చేతనైన ఆ సగం కూడా చేయకుండా పడుకుని ఉంటారు.